సంక్రాంతికి రావులపాలెం వైపు వస్తున్నాం: అత్తయ్య మనసు కష్టపెట్టకుండా పిల్లలను ఎక్కడికి తిప్పాలి?

బెంగళూరు_బాబాయి
డిసెంబరు 20, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతికి మా మేనత్తగారి ఊరు వెళ్తున్నాం. రావులపాలెం దగ్గర, కాలవ గట్టున ఉన్న చిన్న పల్లె. భోగి ముందురోజు దిగి, కనుమ మరునాడు రాత్రి రైలెక్కుతాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి, మెట్లంటేనే భయపడే మోకాళ్ళతో మా అమ్మ. రిజర్వేషన్ తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని టికెట్లు సంపాదించాను (పూర్వం నాలుగు నెలల గడువు ఉండేది, ఇప్పుడు 60 రోజులే) కాబట్టి ప్రయాణం గురించి బెంగ లేదు. బెంగంతా అక్కడికి వెళ్ళాక ఏం చేయాలన్నదే.

కిందటిసారి సంగతి చెబితేగాని నా బాధ మీకు అర్థం కాదు. మొదటి రెండు రోజులు తినడం, పడుకోవడం, టీవీ. పిల్లలు ఫోన్లలోంచి తలెత్తలేదు. మూడో రోజు విసుగెత్తి పాపికొండలు బయలుదేరాం. పొద్దున్న ఆరింటికి వెళ్ళినవాళ్ళం రాత్రి పదిన్నరకు తిరిగొచ్చాం. అత్తయ్య వీధి అరుగు మీద కూర్చుని ఉంది. లోపల పులిహోర, గారెలు, కోడికూర, అన్నీ మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దారిలో తినేశామని మా వాడు నోరు జారాడు. అత్తయ్య ఏమీ అనలేదు. మర్నాడు కూడా ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే భరించలేకపోయాను.

ఈసారి పూట ప్రయాణాలు కావాలి. మామయ్య పాత కారు ఉంది, నేనే నడుపుతాను. పిల్లలకు విసుగు పుట్టకూడదు, అమ్మ ఎక్కువ నడవకూడదు, అత్తయ్య వంట చల్లారకూడదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

లంకలపిల్ల
డిసెంబరు 20, రాత్రి 10:02

బాబాయి గారూ, మీ అత్తయ్య గారి ఊరు ఎక్కడుందో మీకు తెలిసినట్టు లేదు. చుట్టూ ఇన్ని పెట్టుకుని పాపికొండలకు పరిగెత్తారా!

రావులపాలెం నుంచి ర్యాలి, ఆత్రేయపురం, బొబ్బర్లంక మీదుగా వెళ్తే రోడ్డు నేరుగా బ్యారేజీ మీదకు ఎక్కి ధవళేశ్వరంలో దిగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు వేమగిరి, కడియపులంక, జొన్నాడ వంతెన మీదుగా ఇంటికి. గోదావరిని చుట్టి వచ్చినట్టు ఒక చుట్టు. ఒకే పూటలో మొత్తం చూడాలనుకోకండి, రెండు ముక్కలు చేసుకోండి.

ర్యాలి గుడికి మీ అమ్మగారిని నిక్షేపంగా తీసుకువెళ్ళవచ్చు. జగన్మోహినీ కేశవస్వామి. ముందువైపు విష్ణువు, వెనుకవైపు మోహిని, రెండూ ఒకే రాతిలో. పూజారి గారు దీపం పట్టుకుని వెనక్కు తీసుకువెళ్ళి కొప్పు, నగలు ఒక్కొక్కటీ చూపిస్తారు. మీ అమ్మాయి వయసు పిల్లలకు అది బాగా గుర్తుంటుంది. ఏ గుడి అయినా మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేస్తారు అందరూ. కొనడం కాదు, రేకు తీయడం చూపించండి పిల్లలకు. కుండను పొయ్యి మీద బోర్లిస్తారు. కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ వీపు మీద పరిచి లాగేస్తారు. గుడ్డ ఇంకా చేతిలో ఉండగానే రేకు ఆరి అంచులు లేస్తుంది. రెండు వేళ్ళతో ఎత్తితే అవతల మనిషి మొహం కనిపిస్తుంది. మంట కాస్త ఎక్కువైతే చిల్లులు పడుతుంది, తగ్గితే ముద్దవుతుంది. ఇళ్ళలోనే ఆడవాళ్ళు చేస్తారు కాబట్టి గుమ్మంలో నిలబడి అడిగి లోపలికి వెళ్ళండి. పండుగ ముందు ఆర్డర్లతో ఊపిరాడదు వాళ్ళకు, ఒక అరకిలో కొంటే సంతోషిస్తారు. 2023లో ఈ రేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

---

తొందరపాటు
డిసెంబరు 20, రాత్రి 11:30

ఇన్ని వందల మైళ్ళు వచ్చి గుడి, స్వీటు కొట్టు చూడటం ఏమిటండీ? మారేడుమిల్లి వెళ్ళండి. జనవరిలో అడవి ఎంత బాగుంటుందో! జలతరంగిణి జలపాతం, బొంగులో చికెన్, పొగమంచు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే గుడిస కొండ మీద సూర్యోదయం కూడా దొరుకుతుంది. రాత్రి పదికల్లా ఇంట్లో ఉంటారు.

---

స్టీరింగ్_శాస్త్రి
డిసెంబరు 21, ఉదయం 6:10

తొందరపాటు గారూ, మీ పేరు మీకు సరిగ్గా సరిపోయింది. రావులపాలెంలో నాలుగింటికి బయలుదేరి గుడిసలో సూర్యోదయం చూసేవాడికి కారు కాదు, రెక్కలు ఉండాలి. రాజమండ్రి దాటాక మారేడుమిల్లి ఒక్కటే రెండు గంటల పైమాట, ఆపైన గుడిసకు కొండదారి జీపులో. ఆరేళ్ళ పిల్లవాడు ఆ మలుపుల్లో ఏం చేస్తాడో ఇరవై ఏళ్ళుగా వెనక సీటు కడుక్కుంటున్నవాడిగా నాకు తెలుసు. మారేడుమిల్లికి రాత్రి బస ఉండాలి. పండుగ రోజుల్లో గదులు దొరకవు. బస అన్నారంటే మీ అత్తయ్య గారు అరుగు మీద రెండు రాత్రులు కూర్చుంటారు.

పాపికొండలూ అంతే. ఇప్పుడు పడవలు రాజమండ్రి రేవు నుంచి కాదు, పైన గండిపోచమ్మ దగ్గర నుంచి. అక్కడికి వెళ్ళడం, రావడం, మధ్యలో నది మీద గంటలు, పూర్తిగా ఒక రోజు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన ఘోరం తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. అయినా ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ పిల్లల కొలతకు ఉందో లేదో చూసుకోండి. పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో పిల్లవాడు కిందికి జారిపోతాడు, జాకెట్ పైన తేలుతుంది.

పండుగ మూడు రోజులు జాతీయ రహదారి మీద పగలు పదకొండు నుంచి రెండు వరకు, సాయంత్రం అయిదు తర్వాత ఎక్కకండి. మిగతా ఎప్పుడైనా ఎక్కండి.

---

తొందరపాటు
డిసెంబరు 21, ఉదయం 8:45

సరే సరే. నేను బ్రహ్మచారిని, నలుగురం బైకుల మీద వెళ్ళాం. ఆ లెక్క చెప్పాను.

---

మొక్కలపిచ్చి
డిసెంబరు 21, మధ్యాహ్నం 1:20

కడియం అని ఒక్క ముక్కలో దాటేశారు అందరూ. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, కళ్ళు అలిసేవరకు నర్సరీలే. జనవరి ఇక్కడ వసంతం లాంటిది. బంతి, చామంతి, డాలియా, గులాబీ, అన్నీ కుండీల్లో వరసలు తీరి ఉంటాయి. కొందరు నర్సరీవాళ్ళు కొత్త సంవత్సరానికి, పండుగకు మొక్కలతోనే బొమ్మలు, అక్షరాలు పేరుస్తారు. నడక సమతలం, మెట్లు లేవు, టికెట్ లేదు. అమ్మగారు అలిసిపోతే ఏ నర్సరీలోనైనా స్టూలు వేస్తారు.

పిల్లలకు చెరొక యాభై రూపాయలు ఇచ్చి వాళ్ళ మొక్క వాళ్ళనే ఎంచుకోమనండి. గంట ఎలా గడిచిందో తెలియదు. ఒక్క హెచ్చరిక: మీ ఆవిడకు మొక్కలంటే ఇష్టమైతే రైల్లో మీ సీటు కింద ఏమి ప్రయాణం చేస్తుందో నేను చెప్పనక్కరలేదు.

---

హైదరాబాదీ_కోడలు
డిసెంబరు 21, సాయంత్రం 4:50

నాదొక సందేహం. అత్తయ్య గారి వంట చల్లారకూడదు అంటున్నారు. ఆ వంటలో చేయి వేసేది ఎవరు? మీ ఆవిడా, అత్తయ్య గారా, ఇద్దరూనా? మా అత్తవారింట్లో పండుగ మూడు రోజులూ మగవాళ్ళు, పిల్లలు ఊళ్ళు తిరిగొస్తారు. మేము అరిసెల పాకం, జంతికల గొట్టం మధ్య ఉంటాం. సాయంత్రం వచ్చి ఫోనులో ఫోటోలు చూపిస్తారు. అక్కడికి మేము కూడా చూసినట్టే లెక్క.

మీరు అడగాల్సింది “పిల్లలను ఎక్కడికి తిప్పాలి” అని కాదు. అత్తయ్యను ఎక్కడికి తీసుకువెళ్ళాలి అని. ఆవిడ మీతో కారులో ఉంటే అరుగు మీద ఎవరు కూర్చుంటారు?

---

బెంగళూరు_బాబాయి
డిసెంబరు 21, రాత్రి 9:40

కోడలు గారూ, మీ పోస్టు మా ఆవిడ చదివింది. చదివి నా వైపు చూసింది. అంతే చెబుతాను.

నిజమే, నాకు ఆ ఆలోచనే రాలేదు. కానీ అత్తయ్య కదలదు. పిలిస్తే “మీరు వెళ్ళి రండి, నాకు పాలవాడు వస్తాడు” అంటుంది. పాలవాడు రాని ఊరికి వెళ్ళినా అదే మాట. పైగా నాకు దొరికే పెద్ద ఖాళీ కనుమ రోజే. ఆ రోజు “కనుమ నాడు కాకైనా కదలదు” అని గుమ్మంలో అడ్డం నిలబడుతుంది. మినప గారెలు తిని ఇంట్లో ఉండాల్సిందే. నాలుగు రోజుల్లో ఒక రోజు అలా పోతుంది.

---

గట్టుమీద_మాస్టారు
డిసెంబరు 22, ఉదయం 5:35

నాయనా, కాకి కదలదు. రుద్రులు కదులుతారు.

కనుమ నాడు అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, అంటే జాతర. మీ పల్లె నుంచి గంట ప్రయాణం లోపు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. కొబ్బరితోట. చుట్టుపక్కల పదకొండు గ్రామాల నుంచి పదకొండు మంది శివులు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద ఆ తోటకు వచ్చి కలుసుకుంటారు. మొసలపల్లి స్వామి ఆతిథ్యం ఇచ్చేవాడు. లోకం బాగోగులు మాట్లాడుకుంటారని మా పెద్దలు చెప్పేవారు.

ప్రభ అంటే వెదురుతో కట్టిన పెద్ద చట్రం. దానికి రంగురంగుల గుడ్డలు, పూలు, గంటలు, మధ్యలో స్వామి. చక్రాలు ఉండవు. మనుషుల భుజాలే. “అశరభ శరభ” అంటూ చేలకు అడ్డం పడి నడుస్తారు. దాళ్వా నాట్లు వేసిన మడి తొక్కుకుంటూ పోయినా రైతు ఏమీ అనడు, తన చేలోంచి స్వామి నడిచాడని మురిసిపోతాడు. అన్నిటికన్నా చూడాల్సింది గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలవ దాటడం. మోసేవాళ్ళు మొల లోతు, ఒక్కోచోట పీకల్లోతు నీళ్ళలో దిగుతారు. ప్రభ ఒక పక్కకు ఒరిగినప్పుడు గట్టు మీద ఉన్న వేల మంది ఒక్కసారి ఊపిరి బిగపడతారు. ఆ నిశ్శబ్దం నాకు డెబ్బై ఏళ్ళుగా తెలుసు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థానిదే.

మీ అత్తయ్య గారితో వాదించకండి. తీర్థం అని ఒక్క మాట అనండి, చాలు.

---

డాలస్_గోదావరి
డిసెంబరు 22, ఉదయం 9:05

మాస్టారూ, ఇక్కడ ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఆ నిశ్శబ్దం అన్న మాట దగ్గర ఆగిపోయాను. పన్నెండేళ్ళయింది చూసి.

బాబాయి గారూ, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం వదలకండి. మీ అమ్మాయికి బడిలో డెల్టా పాఠం ఉంటుంది. బ్యారేజీ దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది, ఆ రెంటి మధ్యన ఉన్నదే మీ అత్తయ్య గారి ఊరు. ఇది మ్యాపులో కన్నా అక్కడ నిలబడితే తెలుస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేశాడు కాటన్. ఇప్పుడు మీరు కారులో దాటేది ఆ తర్వాతి కాలంలో కట్టిన బ్యారేజీ, గేట్లు 175. మా చిన్నప్పుడు మా తమ్ముడు లెక్కపెడతానని పందెం కట్టి ప్రతిసారీ అరవై దగ్గర నిద్రపోయేవాడు. మీ వాడికి ఆ పని అప్పజెప్పండి. గోదావరి స్నానంలో సంకల్పం చెప్పుకుంటూ కాటన్‌ను భగీరథుడని తలుచుకునే పురోహితులు ఇప్పటికీ ఉన్నారు, ఆ మాట కూడా చెప్పండి.

---

కాకినాడ_కాజా
డిసెంబరు 22, సాయంత్రం 6:15

అందరూ నదినే పట్టుకున్నారు, సముద్రం వైపు ఎవరూ రాలేదు. కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడక, కిందంతా బురదలో పీతలు, గాలిలోకి నిలబడ్డ వేర్లు. ఆరేళ్ళ పిల్లవాడికి పీతను మించిన వినోదం ఉందా? దారిలో యానాం. ఊరు తెలుగు, పాలన పుదుచ్చేరి, పాత రోజుల్లో ఫ్రెంచివాళ్ళు. ఆ కథ చెప్పుకుంటూ పోవచ్చు. లేదా అంతర్వేది, నరసింహస్వామి, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు.

---

స్టీరింగ్_శాస్త్రి
డిసెంబరు 22, రాత్రి 8:30

కాజా గారూ, మంచి చోట్లే. కానీ ఇవన్నీ రావులపాలెం నుంచి పోను రెండు గంటలు. పండుగ రద్దీలో ఇంకో అరగంట కలపండి. పూట ప్రయాణం కాదు. ఆయన వేసవిలో వచ్చినప్పుడు చూసుకుంటారు. అంతర్వేది వెళ్తే మాత్రం సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం అటు ఇటు తిరగకుండా రాకండి. సంగమం దగ్గర పిల్లలను నీళ్ళలో దింపవద్దు, అక్కడ లోతు ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ ఒకేలా ఉండదు.

ఇంకొకటి. పండుగ మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర రోడ్లు దిగ్బంధం అవుతాయి. ఆ ఊళ్ళ పేర్లు ఉదయం పాలకేంద్రం దగ్గర అడిగితే చెబుతారు. ఆ దారులు తప్పించుకోండి.

---

తొందరపాటు
డిసెంబరు 22, రాత్రి 9:00

తప్పించుకోవడం ఎందుకు? సంక్రాంతికి గోదావరి జిల్లాలకు వచ్చి పందెం చూడకుండా వెళ్తారా? పిల్లలకు కూడా మన సంస్కృతి తెలియాలి కదా.

---

గట్టుమీద_మాస్టారు
డిసెంబరు 23, ఉదయం 5:50

తెలియాల్సిన సంస్కృతి చాలా ఉంది బాబూ. కాలికి కత్తి కట్టిన కోడి, పక్కనే జూద బల్లలు, మధ్యాహ్నానికే తూలే జనం. ఆరేళ్ళ పిల్లవాడిని భుజం మీద ఎక్కించుకుని చూపించేది అది కాదు. చట్టం ఒప్పుకోదు, కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఏటా జరుగుతుంది కాబట్టి ఒప్పయిందనుకోకు. నేను చిన్నప్పుడు చూశాను, దాచను. ఇంటికి వచ్చి అన్నం తినలేదు.

పిల్లలకు భోగి పిడకలు చేయించు. ఆవుపేడ ఉండలు చేసి, మధ్యలో చిల్లు పెట్టి, ఎండబెట్టి, దండ గుచ్చి మంటలో వేయాలి. ఇప్పుడే అత్తయ్య గారికి ఫోను చేస్తే కొన్ని చేసి ఎండబెట్టి ఉంచుతారు, గుచ్చడం పిల్లలు వచ్చాక. ఇంట్లో ఉన్నా బయటకు వెళ్ళినట్టే ఉంటుంది.

---

బెంగళూరు_బాబాయి
డిసెంబరు 23, రాత్రి 10:10

మాస్టారు గారూ, ఫోను చేశాను. పిడకల మాట ఎత్తగానే అత్తయ్య “పేడ ముట్టుకుంటారా మీ పిల్లలు?” అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వు విన్నాను.

ఇప్పటికి అనుకున్నది ఇది. భోగి రోజు మంట, తలంటు అయ్యాక ఇంట్లోనే. సాయంత్రం మా వాడికి భోగిపళ్ళు పోయాలట, ఆరేళ్ళు వచ్చినా సరే అంటోంది. సంక్రాంతి పొద్దున్న పెద్దలకు పెట్టుకోవడం ఉంటుంది, కదలం. మూడింటికి కడియపులంక. వచ్చిన మర్నాడు అనుకున్న ధవళేశ్వరం చుట్టు ఇప్పుడు కనుమ మరునాడు ఉదయం, రైలు రాత్రికి కదా. కనుమ సంగతే తేలలేదు. తీర్థం మాట ఫోనులో ఎత్తలేదు, ఎదురుగా అడుగుతాను.

---

లంకలపిల్ల
డిసెంబరు 24, ఉదయం 7:25

చివరి రోజు శనివారం పడితే ఒక్కటి గుర్తుంచుకోండి. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు వేలల్లో వస్తారు. ఆత్రేయపురం దారి కిక్కిరిసిపోతుంది. ఆ రోజు వేమగిరి వైపు నుంచి వెళ్ళి అటే తిరిగి రండి.

తీర్థానికి వెళ్తే: అమ్మగారికి మడత కుర్చీ, పిల్లల జేబుల్లో మీ ఫోను నంబరు రాసిన చీటీ, నీళ్ళు. తోట దగ్గర ఫోన్లు పలకవు. కారు దూరంగా ఆపి నడవాలి, అమ్మగారు ఉంటే తొందరగా వెళ్ళి గట్టుకు దగ్గరగా చోటు చూసుకోండి. అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకులు బుట్టలా కుట్టి అందులో పిండి పోసి ఆవిరి పెడతారు. ఇడ్లీయే, కానీ ఆకు వాసనతో ఉన్న ఇడ్లీ.

---

బెంగళూరు_బాబాయి
జనవరి 20, రాత్రి 9:30

వచ్చి రెండు రోజులైంది. చెప్పాల్సింది చాలా ఉంది, వరసగా చెప్పలేను.

కడియపులంకలో మా అమ్మాయి పారిజాతం కొంది, అబ్బాయి ముళ్ళ మొక్క కొన్నాడు. ఆ ముళ్ళ మొక్క రైల్లో ఎవరి పక్కన పడుకుందో మొక్కలపిచ్చి గారికి వేరే చెప్పను. ధవళేశ్వరంలో గేట్లు లెక్కపెట్టడం 41 దగ్గర ఆగింది. మ్యూజియం బాగుంది. మామయ్య నలభై ఏళ్ళుగా ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళాడట, లోపలికి ఇదే మొదటిసారి. ఒక్కో నమూనా ముందు నిలబడి మా ఊరి కాలవ ఎక్కడ అని వెతికాడు.

కనుమ.

పొద్దున్న నాలుగింటికి వంటింట్లో అలికిడికి లేచాను. అత్తయ్య మినప్పిండి రుబ్బి ఉంచుకుంది, గారెలు వేస్తోంది. “ఇంత పొద్దున్నే ఎందుకత్తయ్యా?” అన్నాను. “తీర్థానికి వెళ్ళాలన్నావట కదా, మీ ఆవిడ చెప్పింది. ఆలస్యమైతే మన ముక్కామల ప్రభ వచ్చేస్తుంది” అంది.

మన ముక్కామల. ఆ పదకొండు ఊళ్ళలో ముక్కామల ఒకటని నాకు తెలియదు. మా నాన్నగారు చిన్నప్పుడే చదువుకు ఊరు విడిచారు, నేను పుట్టేసరికి తాతగారి ఇల్లు అమ్మేశారు. పుట్టింటి ఊరి పేరు విన్నానంతే. అత్తయ్యను చిన్నప్పుడు ఏటా మా తాతగారు తీసుకువెళ్ళేవారట. పెళ్ళయ్యాక వెళ్ళలేదు. నలభై ఆరేళ్ళు. ఎందుకు వెళ్ళలేదంటే “ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు” అంది. కాకి సామెత గుర్తు చేశాను. “తీర్థం ప్రయాణం ఎలా అవుతుందిరా?” అని నన్నే మందలించింది. పాలవాడికి మామయ్యే చెప్పి వచ్చాడు.

కారు చాలా దూరంలో ఆపాల్సి వచ్చింది. అమ్మను మా ఆవిడ, అత్తయ్య చెరో చేయి పట్టుకుని నడిపించారు. వదినా మరదళ్ళు ఇద్దరూ ఆ అరమైలులో ఏం మాట్లాడుకున్నారో, దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నారు. కౌశిక గట్టు మీద కొబ్బరిచెట్టు కింద కుర్చీ వేశాం. స్టీలు క్యారియర్ విప్పి అక్కడే గారెలు, అల్లప్పచ్చడి. మూతను తెడ్డులా పట్టుకుని ఆడుతున్న మా వాడు దాన్ని నీళ్ళలో పడేశాడు. తిట్టబోయేలోపు అవతలి గట్టున “అశరభ శరభ” మొదలైంది.

మాస్టారు గారూ, మీరు చెప్పిన ఆ నిశ్శబ్దం విన్నాను. ప్రభ కుడివైపు ఒరిగింది. గంటలు కూడా ఆగినట్టనిపించింది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. ప్రభ లేచాక గట్టంతా ఒక్కసారి అరిచింది. చూస్తే అత్తయ్య అందరికన్నా ముందు, నీళ్ళ అంచున, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ముక్కామల ప్రభ దగ్గర ఒక ముసలాయన ఆవిడను చూసి “నువ్వు ఫలానావారి అమ్మాయివి కదూ” అన్నాడు. మిగతా మధ్యాహ్నం అంతా ఆవిడ మాకు దొరకలేదు.

తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఇంట్లో వంట లేదు. మా ఆవిడ పెసరట్లు పోసింది, అత్తయ్య మంచం మీద కూర్చుని తింది.

---

హైదరాబాదీ_కోడలు
జనవరి 20, రాత్రి 10:05

పెసరట్లు మీరు పోయాల్సింది. మిగతాదంతా బాగుంది. మా అత్తగారికి చదివి వినిపించాను. వచ్చే ఏడాది జంతికలు కొనుక్కుందామని ఆవిడే అన్నారు.

---

గట్టుమీద_మాస్టారు
జనవరి 21, ఉదయం 5:40

నేను ఇవతలి గట్టున, మర్రిచెట్టు దగ్గర ఉన్నాను నాయనా. మీరెవరో తెలియదు కాబట్టి పలకరించలేకపోయాను. ప్రభ ఒరిగిన క్షణం మాత్రం ఇద్దరం చూశాం. ఆ మూత కొట్టుకుంటూ మా వైపే వచ్చి ఉంటుంది.

---

లంకలపిల్ల
జనవరి 21, ఉదయం 8:15

పొట్టిక్కలు తిన్నారా లేదా? అది రాయలేదు.

---

బెంగళూరు_బాబాయి
జనవరి 21, రాత్రి 8:50

తిన్నాం. మా వాడు ఆకు కూడా తినబోయాడు.

అత్తయ్య ఇందాకే ఫోను చేసింది. క్యారియర్ మూత విడిగా దొరకడం లేదట, అమలాపురంలో కూడా అడిగించిందట. ఇక్కడ దొరికితే వచ్చే కనుమకు పట్టుకురమ్మంది. కొలత రాసి పెట్టాను, ఆరు అంగుళాలు. బెంగళూరులో పాత స్టీలు సామాన్ల వీధి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.